ఇరవై నాలుగు నల్ల మూతలు

రత్నకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీదున్న ఆ మహిళా డిగ్రీ కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ తెలుసు. ఆమె కంప్యూటర్ ల్యాబులో అడుగు పెట్టిందంటే నలుగురు ఒకచోట గుంపుగా నిలబడటానికి వీల్లేదు. అందుకని పిల్లలు ఆమెకు ‘నూట నలభై నాలుగు మేడం’ అని పేరు పెట్టుకున్నారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ సెక్షను పెట్టడం చూస్తూ పెరిగిన పల్నాడు పిల్లలకు అంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఆమె పుట్టింది శావల్యాపురంలో. ఇంటర్ అయ్యాక రోజూ బస్సులో నరసరావుపేట వచ్చి టైపు నేర్చుకుంది. ఇంగ్లీషు, తెలుగు రెండిట్లోనూ హయ్యర్ పాసై, నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే నేర్పే పనికి కుదిరింది. కళ్లకు గంతలు కట్టినా తప్పు లేకుండా కొట్టేది. కొన్నేళ్లకు కంప్యూటర్లొచ్చాయి, టైపుకు పిల్లలు రావడం మానేశారు. యజమాని పద్నాలుగు మిషన్లనూ పాత ఇనుము వాడికి తూచేశాడు. ముందురోజు సాయంత్రం దాకా పనిచేసిన మిషన్లు అవి.

“పాడైనాయా సార్?” అని అడిగిందామె.

“పాడవలేదమ్మా, కాలం చెల్లింది,” అన్నాడాయన.

రిక్షాలోకి ఒకదానిమీద ఒకటి విసిరేస్తుంటే ఆ చప్పుడుకు ఆమె గడప దగ్గరే కొయ్యబారిపోయింది. ఆ తర్వాత ఎవరి నోట ‘కాలం చెల్లింది’ అన్న మాట విన్నా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పెళ్లయ్యాక, ఆర్టీసీలో డ్రైవరైన భర్త రవి కుమార్ ప్రోత్సాహంతో దూరవిద్యలో డిగ్రీ చదివింది. కంప్యూటర్ డిప్లొమా చేసి ఈ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. ఆమె చేరిన నాలుగేళ్లకు కాలేజీవాళ్లు యానిమేషన్ కోర్సు పెడతామని ఇరవై నాలుగు కంప్యూటర్లు తెప్పించారు. బొమ్మలు కదిలించే పని కాబట్టి ఒక్కొక్కదాంట్లో తెరమీదికి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఒకటి ఉండాలని గుంటూరు ఏజెన్సీవాళ్లు చెబితే, సరేనన్నారు. కోర్సులో ఎవరూ చేరలేదు. కార్డులు మాత్రం ఉండిపోయాయి. విండోస్‌కు లైసెన్సు కొనటం దండగని కరస్పాండెంటు శ్రీహరి వాటిలో ఊరికే దొరికే లైనక్స్ వేయించాడు. ఏ పిల్లా, ఏ లెక్చరరూ దాన్ని ఇష్టపడలేదు. రత్నకుమారి ఒక్కతే ఇష్టపడింది. మౌస్‌తో బొమ్మల మీద పొడిచే పని తక్కువ. అక్షరాలు కొడితే చాలు, చెప్పినట్టు వింటుంది. టైపు మనిషికి అంతకంటే ఏం కావాలి? పదేళ్లపాటు ఆ ఇరవై నాలుగింటినీ ఏజెన్సీవాళ్ల మీద ఆధారపడకుండా ఆమే నడుపుకొచ్చింది.

మొన్న నవంబరులో ఒక శనివారం ఆమె వినుకొండలో చుట్టాల పెళ్లికి వెళ్లింది. అదే రోజు ఏజెన్సీ నుంచి పుల్లారావు అనే టెక్నీషియన్ వచ్చి, ఏడాదికోసారి చెయ్యాల్సిన సర్వీసు చేస్తున్నానని చెప్పి, అన్ని కంప్యూటర్లలోనూ లైనక్స్‌ను కొత్త వెర్షనుకు మార్చి వెళ్లాడు. సోమవారం పొద్దున మూడో సెమిస్టర్ పిల్లలు వచ్చి స్విచ్చులు వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. లైట్లు వెలిగాయి. తెరలు మాత్రం బొగ్గులా నల్లగా ఉండిపోయాయి.

“మేడం, ఏమీ రావట్లా,” అంది ముందు వరసలో కూర్చున్న నిఖత్. ఆ అమ్మాయిది రొంపిచెర్ల. ప్రాక్టికల్ పరీక్ష ఇంకా పన్నెండు రోజులుంది. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఆ మాటకొస్తే ఆ క్లాసులో ముప్పావు మందికి లేదు.

రత్నకుమారి ఒక్కొక్క బల్లా చూసుకుంటూ చివరిదాకా వెళ్లింది. ఇరవై నాలుగూ అంతే. ఫోన్ తీసి పుల్లారావుకు చేసింది.

“ఏం చేసిపోయావయ్యా?”

“అప్‌డేట్ మేడం. రేపొచ్చి చూస్తా.”

మర్నాడు వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, మెడలో ఏజెన్సీ కార్డు, చేతిలో స్క్రూడ్రైవర్ల సంచీ. ఆ సంచీ విప్పనైనా విప్పలేదు. ఒక కంప్యూటర్ ముందు రెండు నిమిషాలు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

“కార్డులు పోయినాయి మేడం. కాలం చెల్లింది.”

ఆమె గొంతు తగ్గింది. “శుక్రవారం దాకా పనిచేసినై కదా.”

“శుక్రవారం పాత వెర్షను. ఆ కార్డు కంపెనీవాళ్లు ఈ సిరీస్‌కి డ్రైవర్ ఇయ్యటం ఆపేశారు. కొత్త లైనక్స్‌కి పాత డ్రైవర్ పడదు. నేనేం చేసేది?”

డ్రైవర్ అంటే కార్డుకూ లైనక్స్‌కూ మధ్య దుబాసీ లాంటిది. దాన్ని ఆ కంపెనీవాడు తలుపులు మూసుకుని రాసుకుంటాడు, లోపలేముందో ఎవరికీ చూపించడు. వాడు రాయనంటే మానెయ్యటమే. ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసే, పాత వెర్షనును ఇన్నాళ్లూ కదపకుండా ఉంచింది.

“కంపెనీ ఆపేసిందని నీకు శనివారం పొద్దున తెలుసా, సాయంత్రం తెలిసిందా?”

పుల్లారావు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఇరవై నాలుగు కొత్త కంప్యూటర్లకు కొటేషన్, శుక్రవారం తేదీతో టైపు చేసి ఉంది. అప్‌డేట్ చేసింది శనివారం.

ఆ తేదీ చూశాక రత్నకుమారి ఇంకేమీ అడగలేదు. నేరుగా కరస్పాండెంటు గదికి నడిచింది. పుల్లారావు వెనకే పరిగెత్తాడు.

శ్రీహరి రెండు ఫోన్లలో మాట్లాడుతున్నాడు. ఆయనది ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబం. కాలేజీ సంగతులకు ఆయన దగ్గర ఎప్పుడూ మూడు నిమిషాలకు మించి టైము ఉండదు. పుల్లారావు చెప్పింది విని, “పాతవి స్క్రాపుకి ఎత్తేసి కొత్తవి దింపండి. అందాకా పిల్లల్ని బస్సెక్కించి వేరే కాలేజీకి తోలదాం. అంతేగా?” అన్నాడు.

“కాదు సార్,” అంది రత్నకుమారి. “మీరొకసారి ల్యాబుకి రావాలి.”

“నేనొచ్చి ఏం చేస్తానమ్మా?”

“చచ్చిపోయినై అంటన్నాడు గదా. చచ్చిన శవాల్ని యజమాని కళ్లారా చూడద్దా?”

ఆ తగ్గిన గొంతుకు శ్రీహరి లేచి వచ్చాడు. క్లాసు క్లాసంతా నిలబడి ఉంది. రత్నకుమారి మొదటి బల్ల దగ్గర కూర్చుని స్విచ్ వేసింది. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం ఆగింది. మూడు కీలు కలిపి నొక్కింది. తర్వాత ఏమీ కనిపించని ఆ తెర ముందు, కీబోర్డు వైపు కూడా చూడకుండా, శ్రీహరి మొహంలోకే చూస్తూ పేరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది, ఒక ఇంగ్లీషు మాట కొట్టి ఎంటర్ నొక్కింది.

కిర్రుమంటూ సీడీ పెట్టే అర నాలుక చాపినట్టు బయటికొచ్చింది.

పిల్లలు కెవ్వుమన్నారు. శ్రీహరి ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేశాడు.

“చచ్చిపోయినోడు నోరు తెరవడు గదా సార్,” అందామె. “ఇది బతికే ఉంది. చెప్పింది ఇంటంది, చేస్తంది. చూపించటానికి దారి లేక కొట్టుకుంటంది. ఆ దారి మూసింది ఈయన.”

“నేను మూయలేదు సార్, కంపెనీ…” అన్నాడు పుల్లారావు.

శ్రీహరి చేత్తో ఆపమన్నాడు. “సరేనమ్మా, బతికే ఉంది. పిల్లలకి కనపడాల గదా? శుక్రవారం దాకా చూడు. లేదంటే నేను కొత్తవి దింపేస్తా. మళ్లా నన్ను పిలవద్దు.”

ఆ రోజు మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా విప్పలేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు, డ్రైవర్ పని అందుకోకముందే ఒక కీ నొక్కి పట్టుకుంటే వచ్చే చిన్న జాబితాలో, అక్షరాలు మాత్రమే కనిపించే పద్ధతి ఒకటుంటుంది. అందులోంచి లోపలికి వెళ్లి కంపెనీవాడి పాత డ్రైవరును పీకేసింది. దాని బదులు వేరే డ్రైవరొకటి ఉంది. కంపెనీ కాగితాలు చూపించకపోయినా, కార్డు ఎట్లా నడుస్తుందో బయటినుంచి పరీక్షించి పరీక్షించి, ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఊరికే ఇచ్చింది. దాన్ని నిద్ర లేపింది. తెర వెలిగింది!

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం వాచీ చూసుకుంటూ కూర్చుంది. తొమ్మిది నిమిషాలకు తెరమీద అడ్డంగా ఎర్ర గీతలు, పచ్చ గీతలు పడి బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. మూడుసార్లు చూసింది. పన్నెండు నిమిషాలకంటే ఎక్కువ నిలవలేదు. ప్రాక్టికల్ పరీక్ష మూడు గంటలు.

బుధవారం పొద్దున ఆ డ్రైవర్ రాసేవాళ్ల చర్చా వేదికలో ఇంగ్లీషులో ఒక ఉత్తరం పెట్టింది. కార్డు పేరు, ప్రాసెసర్ పేరు, వెర్షన్ నంబరు అన్నీ రాసింది. రాస్తూ రాస్తూ ఆగలేక, ‘మీ కంపెనీలకు పేదపిల్లల కాలేజీలు కనిపించవా? పనిచేసే వస్తువును మూలన పడేయమనటానికి మీకు సిగ్గు లేదా?’ అని కూడా రాసింది. గంటలో జవాబొచ్చింది. ఏ దేశంవాడో, ఆడో మగో తెలియదు. రెండే వాక్యాలు: ‘నేను ఏ కంపెనీ మనిషినీ కాదు, సెలవురోజుల్లో ఈ పని చేస్తాను. మీ మానిటర్ కేబుల్ కంప్యూటర్ వెనక ఏ సాకెట్లో పెట్టారు?’

“కేబుల్ ఏడ పెట్టాలో నాకు తెలియదనుకుంటన్నాడా?” అంది పక్కనే ఉన్న నిఖత్‌తో. పళ్లు కొరుక్కుంటూ అదే మాట ఇంగ్లీషులో కొట్టబోతూ ఆగింది. అంతలోనే ఆ మనిషి నుంచి ఇంకో ముక్క వచ్చింది: ‘మీ ప్రాసెసర్ లోపలే ఒక గ్రాఫిక్స్ ఉంది. దాని డ్రైవర్ లైనక్స్‌లోనే కలిసి ఉంటుంది. దాన్ని తయారు చేసినవాళ్లు రహస్యం పెట్టుకోలేదు. మీ పనికి అది చాలు. ఆ కార్డు మీకు ఎందుకు?’

రత్నకుమారి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత బల్ల కిందికి వంగి సీపీయూను ముందుకు లాగి, వెనక వైపు తిప్పింది. మానిటర్ కేబుల్ కిందివైపున, కార్డులో గుచ్చి ఉంది. దానికి జానెడు పైన, దుమ్ములో, బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ మూత. పదేళ్లుగా ఆ మూతను ఆమె చూస్తూనే ఉంది. దుమ్ము తుడుస్తూనే ఉంది. దాని మీద ఏజెన్సీ స్టిక్కరు అతికించి ఉంది: ‘సీలు తీయరాదు. తీస్తే వారంటీ చెల్లదు.’

చీర కుచ్చిళ్ల పిన్నీసు తీసి మూతను పెకలించింది. కింద సాకెట్టు కొత్త పెళ్లికూతురి ముక్కుపుడకలా తళతళలాడుతోంది. పదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ వాడలేదు. కరెంటు ఆపి, కార్డు పీకి బల్లమీద పెట్టి, కేబుల్ ఆ సాకెట్టులో గుచ్చి స్విచ్ వేసింది.

తెర వెలిగింది. పది నిమిషాలైంది. అరగంట అయింది. నిఖత్ అందులో తన ప్రోగ్రాములు మూడూ రాసేసింది. సాయంత్రం నాలుగింటికి కూడా బొమ్మ చెక్కుచెదరలేదు.

రత్నకుమారి కుర్చీలో కూలబడింది. సంతోషం అనుకుంటారేమో, కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు పదేళ్లు బతికించారు తనను. ఆ కార్డులు అసలు అక్కర్లేదు. మొదటిరోజు నుంచీ అక్కర్లేదు. వాటి ఫ్యాన్లు రొద చేస్తుంటే పాఠం వినపడక పిల్లలు గొంతులు చించుకున్నారు, వేసవిలో ల్యాబు కుంపటయింది, అప్‌డేటు పేరెత్తితేనే ఆమె భయపడింది. ఇదంతా కార్డులు అమ్ముకోవటానికి ఎవరో ఒక మూత కింద సాకెట్టును దాచిపెట్టడం వల్ల.

“లేవండే,” అంది పిల్లలతో. “ఇరవై నాలుగూ తిప్పండి. మూతలు ఊడబీకండి.”

నలుగురు గుంపుగా నిలబడటమేమిటి, ముప్పై మంది ఒకేసారి బల్లల కింద దూరారు. క్లిప్పులు, పిన్నీసులు, గోళ్లు. వాళ్లు కార్డులు పీకి కేబుళ్లు మారుస్తుంటే, ఆమె వెనకే ఒక్కొక్కదాంట్లో కంపెనీవాడి పాత డ్రైవర్ తీసేసుకుంటూ వచ్చింది. గంటలో ఇరవై రెండు తెరలు వెలిగాయి. రెండింటికి సాకెట్టు లోపల తుప్పు పట్టి పనిచేయలేదు. మూతలన్నీ నిఖత్ ఒక జామెట్రీ బాక్సులో పోసి ఇచ్చింది. రత్నకుమారి ఆ ఉత్తరం రాసిన మనిషికి క్షమాపణ చెప్పి, జరిగిందంతా అంకెలతో సహా రాసింది, రేపు ఇంకెవరైనా వెతికితే దొరికేట్టు.

గురువారం ఆమె చేతికి మెమో వచ్చింది. ఏజెన్సీవాళ్లు ఫిర్యాదు చేశారట: సీళ్లు పగలగొట్టారు, కాలేజీ ఆస్తిని అనుమతి లేకుండా విప్పారు, విద్యార్థినులతో విప్పించారు. ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని కింద శ్రీహరి సంతకం.

ఆమె జవాబును చేత్తో రాయలేదు. ల్యాబులో కూర్చుని టైపు చేసింది. టకటకమంటూ కీబోర్డు అదిరిపోతుంటే వరండాలో పోయేవాళ్లు ఆగి చూశారు. ‘అవును, పగలగొట్టాను. విద్యార్థినులతో పగలగొట్టించాను. డబ్బు కట్టి కొన్న వస్తువును వాడుకోనివ్వకుండా మూత పెట్టినవారిని సంజాయిషీ అడగక, ఆ మూత తీసినవారిని అడుగుతున్నారు. కొటేషన్ మీద శుక్రవారం తేదీ ఉంది. కంప్యూటర్లు ఆగింది శనివారం తర్వాత. ముందు దానికి సంజాయిషీ ఎవరిస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. మూతలు ఇరవై నాలుగు జతపరచడమైనది.’

ప్రిన్సిపాల్ త్రికోటేశ్వరరావు నెమ్మదస్తుడు, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. ఉత్తరం చదివి, పక్కనున్న జామెట్రీ బాక్సు వంక చూసి కళ్లజోడు తీశాడు.

“రత్నకుమారి గారూ, విషయం చానా నిజం. భాష కొంచెం తగ్గిస్తే…”

“ఒక్కక్షరం తగ్గించను సార్. మీకు భయమైతే మీ సంతకం వద్దు, నాదొక్కటే చాలు.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత పెన్ను తీసి కింద ‘నిజమే’ అని రాసి సంతకం పెట్టాడు.

దానికి జవాబు రాలేదు. మెమోను వెనక్కి తీసుకున్నామనీ చెప్పలేదు, తప్పయిందనీ చెప్పలేదు. కొటేషన్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పరీక్ష ఇరవై రెండు కంప్యూటర్ల మీద మూడు విడతలుగా జరిగింది. ఒకరోజు వరండాలో ఎదురైనప్పుడు శ్రీహరి, “ఏమ్మా, బానే పనిచేస్తన్నాయంటగా,” అని నవ్వి, ఫోన్ చెవిన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వు ఆమెకు మెమోకంటే ఎక్కువ మండింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం పుల్లారావు ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో కార్డు లేదు, జేబులో పెట్టుకున్నాడు.

“అక్కా,” అన్నాడు. మేడం పోయి అక్క అయింది. “మాచర్లలో ఒక కాలేజీలో నలభై మిషన్లు ఇట్టాగే పోయినై. ఎల్లుండి పరీక్ష. మీరు ఆ రోజు ఏం చేశారో ఒక్కసారి చెప్తే…”

“మూత తీసి కేబుల్ పెట్టటం నీకు తెలియదా?”

“అది తెలుసక్కా. మీరు లోపల ఏదో కొట్టి పాత డ్రైవర్ తీశారంట గదా. అది తియ్యకపోతే ఆ సాకెట్లో పెట్టినా కొన్ని మిషన్లు నల్లగానే ఉంటన్నై.”

“మూతల సంగతి తెలుసు. అంటే తెలిసే పెట్టావు.”

పుల్లారావు నేలచూపులు చూశాడు. “పెట్టమంది మా ఓనరక్కా. నేను జీతగాణ్ని.”

“పెట్టిన చేతులు నీయేగా?” అంది రత్నకుమారి. గొంతు ఎంత తగ్గిందంటే వెనక బల్లవాళ్లకు వినపడలేదు. “మా పిల్లల్ని బస్సెక్కించి ఊరి మీదికి తోలబోతుంటే, నువ్వు ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డావు. ఇప్పుడు నీ మీదికొచ్చేసరికి అక్కనయ్యానా? పో ఇక్కణ్ణుంచి.”

అతను పోలేదు. గుమ్మం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. రెండు నిమిషాలకు ఆమే అడిగింది.

“ఆ కాలేజీలో ఆడపిల్లలున్నారా?”

“సగం మంది వాళ్లే.”

మర్నాడు సెలవు చీటీ రాసి పడేసి, పొద్దున బస్సుకు మాచర్ల వెళ్లింది. దారిపొడవునా పక్క సీట్లో కూర్చున్న పుల్లారావుతో ఒక్క మాట మాట్లాడలేదు. కారంపూడిలో అతను టీ తెచ్చిస్తే తీసుకోలేదు. కాలేజీలో అడుగు పెట్టాక మాత్రం ఒక షరతు చెప్పింది: లోపలి పని తను చేస్తుంది, మూతలు నలభై అతనే తియ్యాలి, పిల్లలందరి ముందూ. తీసేముందు అవేంటో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వాళ్లకు చెప్పాలి.

“అక్కా, ఓనరుకి తెలిస్తే ఉద్యోగం పోయిద్ది.”

“అయితే నీ ఇష్టం. పది గంటల బస్సుంది నాకు.”

నలభై మంది చూస్తుండగా పుల్లారావు నిలబడి చెప్పాడు. ఒక పిల్ల, “అంటే మాకు అబద్ధం చెప్పారా సార్?” అని సూటిగా అడిగితే, “అవునమ్మా,” అన్నాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ తీసి, మొదటి బల్ల కింద దూరాడు. రత్నకుమారి మొదటి కీబోర్డు ముందు కూర్చుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ముప్పై ఏడు తెరలు వెలిగాయి. మిగతా మూడింటికి ఏం చెయ్యాలో అక్కడి లెక్చరరుకు బోర్డు మీద రాసి చూపించింది.

సాయంత్రం తిరుగు బస్సులో ఉండగా భర్త రవి కుమార్ ఫోన్ చేశాడు.

“అయిందా పని? ఇప్పుడన్నా కోపం తగ్గిందా?”

“తగ్గటానికి ఏం జరిగిందంట?” అందామె. “జిల్లాలో ఇంకెన్ని కాలేజీల్లో మూతలు పెట్టాడో పుల్లారావుని అడిగా. పదకొండంట. జాబితా రాయించుకున్నా. రేపు నీకు బస్సు డ్యూటీ ఏ రూటు?”